లండన్‌లో ‘లే మిజరాబ్ల్’ నాటకానికి వెళ్లేవారు ఎలా సిద్ధం కావాలి

విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన ‘లే మిజరాబ్ల్’ నవలలో అయిదు భాగాలు, 365 అధ్యాయాలు ఉన్నాయి. లండన్‌లో షాఫ్ట్స్‌బరీ అవెన్యూ మీద ఉన్న సోండ్‌హైమ్ థియేటర్‌లో ఆ కథనంతటినీ విరామంతో కలిపి మూడు గంటలలోపే పాడి ముగిస్తారు. ఇంత పెద్ద నవల అంత తక్కువ సమయంలో ఇమడాలంటే సగానికి పైగా వదిలేయక తప్పదు, మిగిలినది పరుగు మీద నడవకా తప్పదు. ఏ సన్నాహమూ లేకుండా వెళ్లి కూర్చున్న ప్రేక్షకుడికి మొదటి పావుగంటలోనే ఎవరు ఎవరో, ఎన్నేళ్లు గడిచాయో తెలియకుండా పోయేది ఇందువల్లనే. చదువుకో ఉద్యోగానికో లండన్ వచ్చిన తెలుగువారిలో చాలామంది ఊరు వదిలే లోపల ఈ నాటకం ఒక్కసారైనా చూడాలనుకుంటారు, పిల్లలను చూడడానికి వచ్చిన అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకొని వెళ్తుంటారు. టికెట్‌కు పెట్టే డబ్బు చిన్నది కాదు కనుక ముందుగా నాలుగైదు సాయంత్రాలు దీనికోసం కేటాయించుకోవడం మంచిది.

మొదట మూడు సంవత్సరాలను గుర్తుపెట్టుకోండి

నాటకం 1815లో మొదలవుతుంది. ఆకలితో ఉన్న అక్క పిల్లల కోసం ఒక రొట్టె దొంగిలించిన జాన్ వాల్జాన్, ఆ నేరానికి అయిదేళ్లు, పారిపోవడానికి చేసిన ప్రయత్నాలకు మరో పద్నాలుగేళ్లు, మొత్తం 19 ఏళ్లు తులోన్ జైలులో గడిపి బయటికి వస్తాడు. ఎవరూ చేరదీయని అతనికి ఒక బిషప్ అన్నం పెట్టి పడక చూపిస్తే, వాల్జాన్ ఆ ఇంటి వెండి సామానే ఎత్తుకుపోతాడు. పోలీసులు పట్టి తెచ్చినప్పుడు, అవి తానే ఇచ్చానని బిషప్ చెప్పి, మరిచిపోయావంటూ రెండు వెండి దీపస్తంభాలను కూడా అతని చేతిలో పెడతాడు. తరువాతి కథంతా ఈ ఒక్క ఘటన మీద నిలబడి ఉంది. నవలలో వాల్జాన్ కనిపించే ముందు హ్యూగో ఒక్క బిషప్ గురించే 14 అధ్యాయాలు రాశాడు, రంగస్థలం మీద మాత్రం ఆ బిషప్ కనిపించేది కొద్ది నిమిషాలే. అందుకని ఆ కొద్ది నిమిషాలూ కళ్లు పక్కకు తిప్పకుండా చూడండి.

రెండవది 1823. వాల్జాన్ పేరు మార్చుకొని ఒక చిన్న పట్టణానికి మేయరుగా, ఫ్యాక్టరీ యజమానిగా ఉంటాడు. అతన్ని జైలు రోజుల నుంచీ ఎరిగిన జవేర్ అక్కడికే పోలీసు అధికారిగా వస్తాడు. ఆ ఫ్యాక్టరీలో పని పోగొట్టుకున్న ఫాంతీన్, తన బిడ్డ కోజెత్‌ను వేరే ఊరిలో తెనార్దియే దంపతుల పూటకూళ్ల ఇంట్లో వదిలి, డబ్బు పంపలేక కుంగిపోయేది ఈ భాగంలోనే.

మూడవది 1832. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. వేదిక మీద ఎర్ర జెండా, వీధికి అడ్డంగా కట్టిన అడ్డుగోడ, తుపాకులు కనబడగానే ఇది 1789 నాటి ఫ్రెంచి విప్లవం అనుకుంటారు, కానీ అది కాదు. రాజు మళ్లీ గద్దె మీద ఉన్న కాలంలో, జనరల్ లమార్క్ అంత్యక్రియలు జరిగిన 1832 జూన్ 5న పారిస్‌లో చెలరేగి మరునాటికే అణగిపోయిన తిరుగుబాటు ఇది. గెలిచిన విప్లవాన్ని కాక ఓడిపోయిన తిరుగుబాటును చూడబోతున్నామని ముందే తెలిస్తే, ఆ తిరుగుబాటు చేసే విద్యార్థుల పాటలలోని ఉత్సాహం మీకు వేరుగా వినిపిస్తుంది.

నవలలో ఏమి చదవాలి

నవల మొత్తం చదివి వెళ్లమని నేను చెప్పను. నాటకం తేదీ దగ్గర పడుతుంటే వాటర్లూ యుద్ధం మీద, పారిస్ మురుగు కాలువల మీద హ్యూగో రాసిన పుటలలో చిక్కుకొని మధ్యలో వదిలేసేవారే ఎక్కువ. ఇసబెల్ హాప్‌గుడ్ 1887లో చేసిన ఇంగ్లీషు అనువాదం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. హ్యూగో ఒక్కో భాగాన్ని మళ్లీ ‘పుస్తకాలు’గా విడగొట్టాడు. అందులో మొదటి భాగపు రెండవ పుస్తకం చదివితే రొట్టె, జైలు, బిషప్, దీపస్తంభాలు అన్నీ వస్తాయి. అదే భాగపు ఏడవ పుస్తకంలో, తన బదులు మరొకడికి వాల్జాన్‌గా శిక్ష పడబోతున్నదని తెలిసిన మేయరు రాత్రంతా తనతో తాను పోరాడే అధ్యాయం చదవండి. నాటకంలో ఒక చిన్న పాటగా మారిన ఆ రాత్రి, నవలలో ఎంత లోతుకు దిగుతుందో తెలుస్తుంది. చివరి భాగపు నాలుగవ పుస్తకం జవేర్ గురించి, అది చాలా చిన్నది. ఇవి మూడూ చదివితే చాలు.

ఇంగ్లీషు చదవడం ఇబ్బందిగా ఉన్న పెద్దలకు కథను మీరే తెలుగులో చెప్పండి. ఈ కథ వారికి పూర్తిగా కొత్తది కాకపోవచ్చు. దీని ఆధారంగా కె. రామనాథ్ దర్శకత్వంలో, చిత్తూరు నాగయ్య ప్రధాన పాత్రలో 1950లో ‘బీదలపాట్లు’ వచ్చింది. అదే పేరుతో 1972లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన సినిమా కూడా ఉంది. నాగయ్య గారి పేరు ఎత్తగానే చాలామంది పెద్దలకు వెండి దీపస్తంభాల కథ దానంతటదే గుర్తుకు వస్తుంది, మీ పని సగం తగ్గుతుంది.

నాటకం నవలను ఎక్కడ మార్చిందో తెలుసుకోవడం కూడా అవసరమే, లేకపోతే చదివి వెళ్లినవారే ఎక్కువ తికమక పడతారు. అడ్డుగోడ దగ్గర తిరిగే గవ్రోష్ అనే కుర్రవాడు నవలలో తెనార్దియే దంపతుల కొడుకు, వారి కూతురు ఎపొనీన్‌కు తమ్ముడు. ఈ సంబంధాన్ని నాటకం పట్టించుకోదు. ఫాంతీన్ చనిపోయాక వాల్జాన్ పెంచిన కోజెత్‌ను, విద్యార్థులలో ఒకడైన మారియస్ ప్రేమిస్తాడు. అతను ఆమెకు రాసిన ఉత్తరాన్ని నవలలో గవ్రోష్ తీసుకువెళ్తే, నాటకంలో ఆ పని ఎపొనీన్‌కు అప్పగించారు. మారియస్ తాతగారు గాని, వాల్జాన్ కోజెత్‌తో తలదాచుకున్న క్రైస్తవ సన్యాసినుల మఠం గాని వేదిక మీద కనిపించవు. ఫాంతీన్ నవలలో జుట్టుతో పాటు ముందుపళ్లు రెండూ అమ్ముకుంటుంది, వేదిక మీద జుట్టు దగ్గర ఆగుతారు. నా దృష్టిలో వీటిలో ఉత్తరం మార్పు చాలా తెలివైనది. తాను ప్రేమించినవాడు మరొకరికి రాసిన ఉత్తరాన్ని చేత పట్టుకొని నడిచే ఎపొనీన్‌ను చూస్తే, నవలలో పదుల పుటలు తీసుకున్న బాధ ఒక్క చూపులో అందుతుంది.

పాటలను ముందుగానే వినండి

సన్నాహంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఈ నాటకంలో మాటలు దాదాపు లేవు, గొడవలూ బేరాలూ కూడా పాటలోనే సాగుతాయి. పద్యనాటకం చూసిన మనవారికి ఇది వింత కాదు గాని, మన నాటకంలో పద్యానికీ పద్యానికీ మధ్య వచనం ఉంటుంది, రాగం తీస్తున్నంతసేపూ కథ ఆగి ఉంటుంది. ఇక్కడ కథ నడిచేది పాట లోపలే. అయిదారుగురు ఒకేసారి వేరువేరు మాటలు పాడుతున్నప్పుడు ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా సగం జారిపోతుంది. అందువల్ల 1985 లండన్ బృందం పాడిన ఆల్బమ్‌ను సాహిత్యం ఎదురుగా పెట్టుకొని కనీసం ఒకసారి పూర్తిగా వినండి. 2012లో వచ్చిన సినిమా చూసినా కథ తెలుస్తుంది కానీ, అందులో నటులు కెమెరా ముందు గుసగుసగా పాడారు, థియేటర్‌లో వినబోయే గొంతులకు అది సరైన తయారీ కాదు.

వినేటప్పుడు ఒక విషయం గమనించండి. క్లాడ్-మిషెల్ షోన్‌బెర్గ్ స్వరపరిచిన ఈ సంగీతంలో ఒకే బాణీ చోటు మార్చుకొని తిరిగి వస్తుంది. మొదట్లో ఖైదీలు తల దించుకొని పాడే బాణీ, పారిస్ వీధులలో బిచ్చగాళ్ల నోట మళ్లీ వినిపిస్తుంది. ఫాంతీన్ ప్రాణం పోయేటప్పుడు పాడిన బాణీనే తరువాత ఎపొనీన్ ‘ఆన్ మై ఓన్’గా పాడుతుంది. బిషప్ వాల్జాన్‌కు వెండి ఇచ్చి పంపుతూ పాడిన స్వరాలు, స్నేహితులందరినీ పోగొట్టుకొని ఒంటరిగా మిగిలిన మారియస్ పాడే ‘ఎంప్టీ చెయిర్స్ ఎట్ ఎంప్టీ టేబుల్స్’లో తేలుతాయి. వీటన్నిటికన్నా గట్టి జోడీ మరొకటి ఉంది. బిషప్ దయ తరువాత, తానెవరో ఏమి చేయాలో తేల్చుకోలేక వాల్జాన్ ఏ సంగీతం మీద పాడతాడో, వాల్జాన్ తనను చంపకుండా వదిలేసిన తరువాత జవేర్ కూడా అదే సంగీతం మీద పాడతాడు. ఇద్దరికీ ఎదురైనది ఒకటే, తాము నమ్మిన లెక్కలో ఇమడని దయ. ఒకడు దాన్ని తీసుకొని కొత్త జీవితం మొదలుపెడతాడు, రెండవవాడు తీసుకోలేకపోతాడు. హ్యూగో అధ్యాయాలలో చెప్పినదాన్ని నాటకం ఒక్క బాణీని రెండుసార్లు వినిపించి చెబుతుంది. ముందుగా విని వెళ్లినవారికి తప్ప ఈ సంగతి మొదటిసారి అందదు.

టికెట్ కొనడం

థియేటర్ సొంత వెబ్‌సైట్‌లో కొనడం అన్నిటికన్నా భద్రం. ఇంటర్నెట్‌లో వెదికినప్పుడు పైన కనిపించే ప్రకటనలలో కొన్ని, అదే సీటును ఎక్కువ ధరకు తిరిగి అమ్మే సంస్థలవి. చివరికి పడే రుసుముతో కలిపి ధర ఎంత అవుతుందో చూసుకోకుండా కార్డు వివరాలు ఇవ్వవద్దు. తేదీ విషయంలో పట్టింపు లేనివారు లెస్టర్ స్క్వేర్‌లోని టికెటిఎస్ బూత్‌లో కూడా విచారించవచ్చు. అక్కడ వెస్ట్ ఎండ్ (లండన్‌లో పెద్ద థియేటర్లున్న ప్రాంతం) నాటకాల టికెట్లు తగ్గింపు ధరకు దొరుకుతుంటాయి, అయితే మీరు కోరిన నాటకమే ఆ రోజు ఉంటుందన్న హామీ లేదు. వారం మధ్యలో జరిగే ఆటలకు శనివారం రాత్రి కంటే ధర తక్కువగా ఉండడం మామూలే.

పెద్దలను తీసుకువెళ్తున్నా, పాడే ఇంగ్లీషు అందుకోవడం మీకే కష్టమనిపించినా, క్యాప్షన్ ఆట ఎప్పుడుందో వెదకండి. వినికిడి లోపం ఉన్నవారి కోసం అప్పుడప్పుడు ఏర్పాటుచేసే ఈ ఆటలలో, పాడుతున్న ప్రతి మాటా వేదిక పక్కన తెర మీద ఇంగ్లీషులో కనిపిస్తుంది. ఎవరైనా చూడవచ్చు గాని, ఆ తెర బాగా కనిపించే సీట్లను అవసరమైనవారికి వదిలి, ఏ వరుసల నుంచి అది కనిపిస్తుందో బుకింగ్ సమయంలో అడగండి.

చిన్న పిల్లల విషయంలో వయసు నిబంధనను వెబ్‌సైట్‌లో చూసుకోండి. నిబంధన అనుమతించినా, తుపాకీ చప్పుళ్లు, పొగ, మరణాలు, ఒళ్లు అమ్ముకునే స్త్రీల సన్నివేశం ఉన్న ఈ నాటకానికి బడిలో పెద్ద తరగతులకు రాని పిల్లలను తీసుకువెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

సీటు ఎంచుకోవడం

1907లో క్వీన్స్ థియేటర్ పేరుతో తెరుచుకొని, 1940లో బాంబు దాడిలో దెబ్బతిని, 1959లో మళ్లీ తెరుచుకున్న భవనం ఇది. ఈ నాటకం 1985 అక్టోబరు 8న లండన్‌లోనే బార్బికన్ థియేటర్‌లో మొదలై, కొద్ది వారాలలోనే ప్యాలెస్ థియేటర్‌కు, 2004లో ఇక్కడికి మారింది. 2019 చివరలో మరమ్మతుల తరువాత థియేటర్‌కు ఇప్పటి పేరు పెట్టారు. భవనం పాతది కనుక మెట్లు ఎక్కువ, మోకాళ్ల దగ్గర చోటు తక్కువ.

సీట్లు మూడు అంతస్తులలో ఉంటాయి. కింద ఉన్న స్టాల్స్‌లో నటుల ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి, కానీ బాగా వెనుక వరుసలలో పై బాల్కనీ అడ్డొచ్చి వేదిక పైభాగం తెగిపోతుంది. అడ్డుగోడ మీదికి ఎక్కేవారిని చూడడం ఈ నాటకంలో ముఖ్యం కనుక ఆ వరుసలను నేను వదిలేస్తాను. మధ్య అంతస్తయిన డ్రెస్ సర్కిల్ ముందు వరుసలు అన్నిటికన్నా మంచివి, గుంపులు కదిలే తీరు, తెర మీది చిత్రాలు మొత్తంగా కనిపిస్తాయి, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. పైనున్న అప్పర్ సర్కిల్ చవక. అయితే వాలు బాగా నిటారుగా ఉంటుంది, ఎత్తంటే కళ్లు తిరిగేవారిని, మోకాళ్ల నొప్పులున్నవారిని అక్కడ కూర్చోబెట్టకండి. టికెట్ మీద చూపుకు అడ్డు ఉందని రాసి ఉంటే నమ్మండి, అది మొక్కుబడిగా రాసినది కాదు. సీట్‌ప్లాన్ అనే వెబ్‌సైట్‌లో ప్రేక్షకులు తమ సీటు నుంచి తీసిన ఫోటోలు పెడతారు, కొనే ముందు ఒకసారి చూడండి. చక్రాల కుర్చీ అవసరమైనా, మెట్లు ఎక్కలేకపోయినా ఆన్‌లైన్‌లో కొనకుండా థియేటర్‌కు ఫోన్ చేసి చెప్పి కొనడం మంచిది.

ఆ రోజు

పికడిల్లీ సర్కస్, లెస్టర్ స్క్వేర్ స్టేషన్లు రెండూ నడక దూరంలో ఉన్నాయి. ఆట మొదలయ్యే సమయానికి అరగంట ముందు తలుపు దగ్గర ఉండండి, సంచులు తనిఖీ చేస్తారు, మరుగుదొడ్డి వరుస అప్పటికి చిన్నగా ఉంటుంది. పెద్ద సూట్‌కేసుతో రావద్దు. ఇంట్లో చేసిన పులిహోర, మురుకులు సంచిలో పెట్టుకొని వస్తే తనిఖీ దగ్గర ఆపవచ్చు, తిని రావడమే మంచిది. దుస్తుల మీద ఏ నియమమూ లేదు, జీన్స్‌లో వచ్చినవారి పక్కన పట్టుచీర కట్టుకొన్నావిడ కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. చలికాలపు కోటు మాత్రం మూడు గంటలూ ఒడిలోనే పెట్టుకోవలసి రావచ్చు.

ఆలస్యంగా వస్తే నాటకంలో అనువైన చోటు వచ్చేవరకూ బయట నిలబెడతారు. ఈ నాటకం విషయంలో అది పెద్ద నష్టం, ఎందుకంటే ఓడ తెడ్లు వేస్తున్న ఖైదీలతో తెర లేచిన కొద్దిసేపటికే బిషప్ వచ్చి వెళ్లిపోతాడు.

లోపల ఫోను పూర్తిగా ఆపేయండి. పక్కనున్న నాన్నగారికి జరుగుతున్నది చెవిలో చెప్పాలనిపిస్తుంది, కానీ నాటకం నడుస్తుండగా గుసగుసను కూడా ఇక్కడి ప్రేక్షకులు సహించరు. కథ ముందుగానే చెప్పి తీసుకురమ్మన్నది ఇందుకే. పాట ముగిసినప్పుడు చప్పట్లు కొట్టవచ్చు, మన దగ్గరలాగా ‘వన్స్‌మోర్’ అడిగే ఆనవాయితీ లేదు. నటులు తిరిగి పాడే వీలూ లేదు, ఆర్కెస్ట్రా అప్పటికే తరువాతి స్వరంలో ఉంటుంది.

మొదటి అంకం ‘వన్ డే మోర్’ పాటతో ముగుస్తుంది. పారిపోవాలనుకొనే వాల్జాన్, విడిపోతున్నామని కుమిలే మారియస్, కోజెత్‌లు, తిరుగుబాటుకు బయలుదేరిన విద్యార్థులు, వారిలో గూఢచారిగా చేరబోతున్న జవేర్, ఈ గొడవలో ఎవరి జేబు కొట్టవచ్చా అని చూసే తెనార్దియేలు, అందరూ రేపటి గురించి ఒకేసారి పాడతారు. ఇక్కడ మాటలన్నీ అందుకోవాలని ప్రయత్నించకండి. ఒక్క పాత్రను ఎంచుకొని ఆ గొంతును మాత్రమే వెంబడించండి, మిగిలినవి దాని చుట్టూ వాటంతటవే సర్దుకుంటాయి. నా సలహా జవేర్.

విరామం పదిహేను, ఇరవై నిమిషాలు ఉంటుంది. మరుగుదొడ్డికి, ముఖ్యంగా ఆడవారికి, పెద్ద వరుస ఉంటుంది కనుక దీపాలు వెలగగానే లేవండి. హాలులోనే ఐస్‌క్రీమ్ అమ్ముతారు. మిగిలిన సమయంలో వెంట వచ్చినవారిని ఎంతవరకు అర్థమైందో అడిగి, రెండవ అంకంలో కథ ఎక్కువగా అడ్డుగోడ దగ్గరే సాగుతుందని, రాత్రివేళ వాల్జాన్ ‘బ్రింగ్ హిమ్ హోమ్’ అని ప్రార్థించేది మారియస్ ప్రాణం కోసమని చెప్పండి. ఆ పాట చాలా మెల్లగా, పై స్థాయిలో సాగుతుంది, హాలంతా నిశ్శబ్దంగా ఉంటుంది, దగ్గు బిళ్ల కాగితం విప్పేదేదో ముందే విప్పుకోండి.

2009 నుంచి కొత్తగా రూపొందించిన ప్రదర్శనలో పాత గుండ్రటి తిరిగే వేదికను తీసేసి, హ్యూగో స్వయంగా గీసిన చిత్రాల స్ఫూర్తితో వెనుక తెర మీద దృశ్యాలు చూపిస్తున్నారు. లండన్‌లో ఆ మార్పు 2019-20లో వచ్చింది. తిరిగే వేదిక ఫోటోలు ఇంటర్నెట్‌లో చూసి వచ్చినవారు అది కనిపించలేదని నిరాశపడకండి. పాతదాన్ని తలచుకొని నిట్టూర్చేవారు ఇప్పటికీ ఉన్నారు, మురుగు కాలువల సన్నివేశం మాత్రం కొత్త పద్ధతిలోనే బాగుందని నాకనిపిస్తుంది.

ఏడున్నర ఆట పదీ ఇరవై ప్రాంతంలో ముగుస్తుంది. ముగిసిన వెంటనే జనమంతా పికడిల్లీ సర్కస్ స్టేషన్ వైపే పడతారు, పెద్దలు వెంట ఉంటే పది నిమిషాలు ఆగి బయలుదేరండి. శుక్ర, శనివారాలలో పికడిల్లీ, నార్తర్న్ లైన్ల మీద రాత్రంతా రైళ్లు తిరుగుతాయి గాని అన్ని శాఖల మీదా కాదు, బేకర్లూ లైన్‌కు ఆ సదుపాయం లేదు. మీ స్టేషన్‌కు చివరి రైలు ఎప్పుడో ఇంటి దగ్గరే చూసుకొని బయలుదేరండి.